విరహానికి ఎన్నో నంబరు?

తమ్ముడు: ఒమన్‌లో మన తెలుగువాళ్లు ఈ వారం ఏ విరహగీతం ఎక్కువగా విన్నారో చెప్పగలవా అన్నా? నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. పాట బాగుంది, అందరి నోటా అదే అని చెప్పుకుంటాం. అందరూ అంటే ఎవరు? రువీలోనా, సలాలాలోనా, సొహార్ ఫ్యాక్టరీల్లోనా? అందుకే చార్ట్ కావాలంటాను. పాట విడుదలైన మొదటి వారం ఎక్కడ నిలిచింది, నాలుగో వారానికి ఎంత జారింది, ఆరు నెలలకు మళ్లీ ఎందుకు లేచింది, ఇవన్నీ తెలియాలి.

అన్న: ఎవరికి తెలియాలి? విన్నవాడికి తాను విన్న సంగతి తెలుసు కదా.

తమ్ముడు: రాసినవాడికి తెలియాలి. పాడినవాడికి తెలియాలి. హైదరాబాద్‌లో రికార్డింగ్‌కి డబ్బు పెట్టేవాడికి, గల్ఫ్‌లో కూడా మన పాటకి మనుషులున్నారని తెలియాలి. సినిమా పాటకైతే సినిమా తోడుంటుంది. యూట్యూబ్‌లో లవ్ ఫెయిల్యూర్ పాట పెట్టే కుర్రాడికి ఎవరున్నారు? జానపద బాణీ, ఒక డప్పు, ఒక కీబోర్డు, పొలం గట్టు మీద తీసిన వీడియో. వాడికి ఉన్న సాక్ష్యం అంకె ఒక్కటే.

అన్న: అంకె నిజంగా సాక్ష్యమైతే నాకు పేచీ లేదు. నువ్వు అడిగే చార్ట్ ఇక్కడ లేదనుకుంటున్నావేమో, ఉంది. 2022 నవంబరులో రికార్డు కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఎఫ్‌పీఐ వాళ్లు మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికాలకు కలిపి అధికారిక చార్ట్ మొదలుపెట్టారు. మొత్తం 13 దేశాలు, అందులో ఒమన్ ఒకటి. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, అంఘామీ, డీజర్, యూట్యూబ్‌లలో జనం విన్నది కూడి, వారం వారం 20 పాటల జాబితా వేస్తారు. మొట్టమొదటి వారం ఒకటో నంబరు ఏ పాటదో తెలుసా? నైజీరియా గాయకుడు రెమా, సెలీనా గోమెజ్ కలిసి పాడిన ‘కామ్ డౌన్’. దానికి గిన్నిస్ వాళ్లు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మంచి పాటే, కాదనను. కానీ మొరాకో నుంచి మస్కట్ దాకా ఉన్న జనమంతా ఒక గంపలో పడితే, ఆ గంపలో జగిత్యాల నుంచి వచ్చి సొహార్‌లో వెల్డింగ్ చేసేవాడి మనసు ఏ మూలన ఉందో నువ్వు నాకు చూపించు.

తమ్ముడు: చూపించలేను. ఆ గంప పెద్దదని ఒప్పుకుంటాను. అయితే గంప పెద్దదైతే చిన్న బుట్టలు కావాలని అడగాలి గానీ, అసలు లెక్కే వద్దనడం ఏమిటి? అమెరికాలో ఏం జరిగిందో చూడు. 1991 దాకా బిల్‌బోర్డ్ చార్ట్ వాళ్లు షాపులకు ఫోన్ చేసి, ఏం అమ్ముడైందయ్యా అని అడిగేవాళ్లు. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడు తనకు నచ్చిందే చెప్పేవాడు, లేదంటే కంపెనీ మనిషి చెప్పమన్నది చెప్పేవాడు. ఆ ఏడాది సౌండ్‌స్కాన్ అనే లెక్క పద్ధతి వచ్చింది. బిల్లు కొట్టినప్పుడు బార్‌కోడ్ చెప్పిన నిజమే లెక్క. కొద్ది వారాల్లోనే ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం ఆల్బమ్ ఒకటో నంబరుకు వచ్చింది. పల్లెటూరి కంట్రీ పాటలు పైకొచ్చాయి. ఆ పాటల్ని జనం అంతకుముందు కూడా కొన్నారు. పెద్దమనుషులకు చెవుల్లేక వినిపించలేదు. నిజాయితీగా లెక్కవేస్తే లాభపడేది చిన్నచూపుకు గురైనవాడే.

అన్న: అది నీ వాదంలో అన్నిటికంటే గట్టి మాట. దాన్ని పక్కకు నెట్టలేను. నేను మొదటిసారి గల్ఫ్‌కు వచ్చిన రోజుల్లో, తెలంగాణ జానపదమంటే సినిమా పాటల మధ్య కామెడీ కోసం పెట్టుకునే సరుకు. ఇవాళ ఆ పాటలకు కోట్ల వ్యూస్ కనబడుతుంటే, సంగీత దర్శకులే ఆ గొంతుల కోసం వెతుక్కుంటూ వస్తున్నారు. వ్యూస్ లేకుండా అది జరిగేది కాదు. ఒప్పుకుంటున్నాను.

తమ్ముడు: ఒప్పుకున్నావు కదా, ఇక పేచీ ఎక్కడ?

అన్న: ఏ పాట గురించి మాట్లాడుతున్నామో అక్కడ. పెళ్లి ఊరేగింపు పాటను లెక్కపెట్టు, హీరో ఎంట్రీ పాటను లెక్కపెట్టు. అవి పదిమంది కలిసి వినే పాటలు, పది అంటే పదే. విరహగీతాన్ని మనిషి ఒక్కడే వింటాడు. ఒకే పాటను రాత్రంతా తిప్పి తిప్పి వింటాడు. ఆ రాత్రి లెక్కలో ఒక మనిషా, నలభై మందా? మర్నాడు ఆ పాట తగిలితే భయపడి మార్చేస్తాడు. మార్చేసినందుకు పాట ఓడిపోయినట్టా? స్పాటిఫైలో 30 సెకన్లు దాటి వింటేనే ఒకసారి విన్నట్టు. పల్లవి మొదలవగానే గొంతుకు అడ్డం పడి ఆపేసినవాణ్ణి ఏ ఖాతాలో రాస్తావు? నా దృష్టిలో పాట అందరికంటే ఎక్కువ పనిచేసింది వాడి మీదే.

తమ్ముడు: అలా ఆపేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, తిప్పి తిప్పి వినేవాళ్లూ ఉంటారు. లక్షల మందిలో అవి సర్దుకుంటాయి. అడెల్ పాట సంగతి తీసుకో. వదిలిపోయిన ప్రేమ మీద పాడిన ‘సమ్‌వన్ లైక్ యూ’. అందులో పియానో, గొంతు తప్ప మరేం లేదు. 2011 ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల వేదిక మీద పాడింది. ఆ వారం బ్రిటన్ చార్ట్‌లో 47వ చోటు నుంచి ఒకటో చోటుకు దూకింది. అదే ఏడాది అమెరికాలోనూ ఒకటో నంబరుకు వచ్చింది. ఒంటరిగా వినే పాటే కదా అది? మరి ఒక్క రాత్రిలో దేశమంతా అదే పాట కోసం వెతికిందని మనకెలా తెలిసింది? ఆ 47 నుంచి 1 అనే రెండంకెలు చెప్పిన కథను ఏ విమర్శకుడూ అంత బాగా చెప్పలేడు. చార్ట్ ఏడుపును కొలవదన్నా. ఎంతమంది ఒకేసారి ఏడ్చారో చెబుతుంది. దుఃఖంలో ఉన్నవాడికి అదీ ఒక ఓదార్పే.

అన్న: ఓదార్పే, ఆ దేశంలో ఉన్నవాడికి. వాడు వాడి ఊళ్లో, వాడి భాషలో, వాడి చార్ట్‌లో ఏడ్చాడు. ఇక్కడ మనం ఎవరి చార్ట్‌లో ఏడవాలి? ఒమన్ లెక్కలో మన తెలుగు పాట అరబ్బీ పాటల కింద నలిగిపోతుంది. ఇండియా లెక్కలో పడదామంటే మనం ఇండియాలో లేం. పైగా మన దేశం సంగతి చూడు. 2021 జూన్‌లో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ వాళ్లు మొదలుపెట్టిన వారపు చార్ట్‌లో చోటు విదేశీ పాటలకు మాత్రమే. హిందీకీ లేదు, తెలుగుకూ లేదు. మన ఇంటి తక్కెడలో మన ధాన్యమే తూచరు.

తమ్ముడు: ఆ మాట వింటే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ అది నా వైపు వాదం కదా. లెక్కలో లేకపోవడం వల్ల జరిగిన అవమానం చెబుతూ లెక్క వద్దంటావేం?

అన్న: అవమానం లెక్కలో లేకపోవడం వల్ల కాదు తమ్మీ, లెక్కలోకి వస్తేనే పాటకు విలువ అనుకోవడం వల్ల. 1988లో ‘అభినందన’ వచ్చింది. ఇళయరాజా సంగీతం, ఆత్రేయ మాట, బాలు గొంతు. ప్రేమ పోగొట్టుకున్న తెలుగువాడు ఆ క్యాసెట్ దాటుకుని పోలేదు. అప్పుడు ఏ చార్ట్ ఉంది? 1953లో ‘దేవదాసు’ వచ్చినప్పుడు ఘంటసాల పాటలకు ఏ నంబరు ఇచ్చారు? మా ఊళ్లో పెళ్లిళ్లకు మైకు పెట్టేవాడు విషాదగీతం వేస్తే పెద్దలు కేకలేసేవాళ్లు, శుభమా అంటూ ఆ పాటేమిటని. అయినా అర్ధరాత్రి దాటాక వాడు వేసేవాడు, పెద్దలు వినేవాళ్లు. అదీ పాటకు దక్కిన స్థానం.

తమ్ముడు: నువ్వు చెప్పేవన్నీ బతికి బట్టకట్టిన పాటలు. ‘అభినందన’ నిలిచింది కాబట్టి నీకు గుర్తుంది. అదే ఏడాది అంతే బాధతో పాడిన పాటలు ఇంకెన్ని వచ్చి మాయమయ్యాయో నీకు తెలీదు, ఎవరికీ తెలీదు. జ్ఞాపకం కూడా ఒక చార్టే. దానికీ పక్షపాతం ఉంటుంది. పెద్ద పేర్లకే చోటిస్తుంది. గల్ఫ్ సంగతే తీసుకుందాం. 1970ల్లో ఎస్.ఎ. జమీల్ అనే మలయాళీ కవి దుబాయ్ ఉత్తరం పాట కట్టాడు. ఊళ్లో ఉన్న భార్య గల్ఫ్‌లో ఉన్న మొగుడికి రాసే ఉత్తరం. దానికి మొగుడి జవాబు ఇంకో పాట. క్యాసెట్లలో గల్ఫ్ అంతా తిరిగింది. ఎన్ని క్యాసెట్లు పోయాయి, అందులో కవికి ఎంత దక్కింది, ఎవరైనా చెప్పగలరా?

అన్న: చెప్పలేరు. ఆ పాట విని ఊరికి టికెట్ తీసుకున్నవాళ్లు ఉన్నారని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో, పాట గురించి జనం అలాంటి మాట పుట్టించారంటే ఏ నంబరు దానికి సాటి?

తమ్ముడు: కవి ఇల్లు గడవడానికి ఆ కథ సరిపోతుందా?

అన్న: ... సరిపోదు.

తమ్ముడు: మరి ఒమన్‌వాళ్ల కథే చెబుతాను. సూర్ రేవు నుంచి బయల్దేరిన సాలిమ్ రాషిద్ అల్ సూరీ. ఓడ పనితో మొదలుపెట్టి, ఊద్ వాద్యం పట్టుకుని, సౌత్ అనే గల్ఫ్ బాణీ పాటలు పాడుతూ ‘పాడే నావికుడు’ అనిపించుకున్నాడు. బొంబాయిలో స్థిరపడి, అరబ్బు వ్యాపారులకు దుబాసీగా, దళారీగా బతికాడు. 1930ల్లో అక్కడే హిజ్ మాస్టర్స్ వాయిస్‌కి రికార్డులిచ్చాడు. ఆ ఒమన్ గొంతు ప్లేటులోకి ఎక్కింది మన దేశంలో! ఆ కంపెనీ ఎందుకు రికార్డు చేసింది? అమ్ముడవుతుందని. తర్వాత బహ్రెయిన్ వెళ్లి సాలిమ్‌ఫోన్ పేరుతో సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నాడు. పాడే మనిషి కంపెనీ పెట్టాడంటే ఏమిటి అర్థం? తన ప్లేట్లు ఎన్ని పోతున్నాయో తన చేత్తో లెక్కపెట్టుకోవాలనుకున్నాడు.

అన్న: ఎందుకు పెట్టాడో ఆయన మనసులో దూరి చూశావా ఏం? నాకు ఆ కథలో వేరేది కనబడుతుంది. ఆయన పాడే రోజుల్లో సొంత దేశంలో రేడియో లేదు. రేడియో ఒమన్ వచ్చింది 1970లో, సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాకే. మరుసటేడు సాలిమ్ తిరిగొచ్చాడు, ప్రభుత్వం పిలిచి సాంస్కృతిక వ్యవహారాల్లో సలహాదారుగా పెట్టుకుంది. 1979లో పోయాడు. అంటే నాలుగు దశాబ్దాలు బొంబాయిలో, బహ్రెయిన్‌లో, ఓడల మీద, కాఫీ అంగళ్లలో పాడిన మనిషికి తన ఊళ్లో ఒక్క స్టేషన్ లేదు, ఒక్క జాబితా లేదు. అయినా ఆయన ఎవరో ఊరికి తెలుసు. ఆ పేరు ఓడ ఎక్కి వచ్చింది, మనిషి నోటి నుంచి మనిషి చెవికి. నీ చార్ట్ లేని రోజుల్లో.

(వింటున్న నాకు ఇక్కడ తీర్పు చెప్పాలనిపించలేదు. సూర్ నావికుడు ఇద్దరికీ సాక్షే. బహుశా అందుకే ఇద్దరూ ఆయన్ని వదల్లేదు.)

తమ్ముడు: నోటి నుంచి చెవికి పోయినప్పుడు నావికుడికి ఏం ముట్టిందో నువ్వు చెప్పవు. సరే, ఇవాళ్టికి వద్దాం. నీ అసలు కోపం చార్ట్ మీదా, చార్ట్‌లో జరిగే మోసం మీదా?

అన్న: రెండూ వేరని నువ్వనుకుంటున్నావు. 2019లో ర్యాపర్ బాద్‌షా ‘పాగల్’ పాట 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ కొట్టిందన్నారు. ప్రపంచ రికార్డన్నారు. తీరా చూస్తే ప్రకటనలు కొని చూపించిన వ్యూస్. అందరూ అదే చేస్తున్నారని ఆయన దాచకుండా చెప్పాడు కూడా. ఆ సెప్టెంబరులో యూట్యూబ్, డబ్బిచ్చి తెచ్చిన వ్యూస్‌ని తన చార్టుల్లోంచి, 24 గంటల రికార్డుల్లోంచి తీసేసింది.

తమ్ముడు: చూశావా, దొంగతనం బయటపడింది, నియమం మారింది. లెక్క ఉంది కాబట్టే దొంగ దొరికాడు.

అన్న: లెక్క ఉంది కాబట్టే దొంగ పుట్టాడు కూడా. దాన్ని వదిలేద్దాం, మోసం లేని లెక్కనే చూద్దాం. బ్రిటన్ చార్ట్‌లో 2018 నుంచి నియమం ఏమిటి? డబ్బు కట్టి వినేవాడు 100 సార్లు వింటే ఒక రికార్డు కొన్నట్టు. ఉచితంగా వినేవాడు 600 సార్లు వినాలి. అమెరికాలోనూ ఉచితంగా విన్నదానికి తక్కువ విలువే కడతారు. ఇది నిజాయితీగల లెక్కే, పుస్తకంలో రాసిన లెక్కే. మన లేబర్ క్యాంపులో ఎవడు డబ్బు కట్టి వింటాడు? యాడ్స్ మధ్యలో వింటాడు, కాదంటే ఎవడో మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చింది వింటాడు. ఎక్కువ ఏడ్చేవాడి కన్నీటికి ఆరో వంతు విలువ కట్టే తక్కెడ అది. నన్ను దాంట్లో కూర్చోమంటున్నావు.

తమ్ముడు: ఆ మాట తగిలింది. ఒప్పుకుంటున్నాను, ఆ తూకం పేదవాడి వైపు లేదు. కంపెనీకి ఎవరి నుంచి ఎక్కువ డబ్బొస్తుందో వాడి చెవికే బరువెక్కువ. 2024 నుంచి స్పాటిఫైలో ఇంకొకటి వచ్చింది. ఏడాదిలో 1,000 సార్లయినా వినని పాటకు పైసా రాదు. మన పల్లె గాయకుడి మొదటి పాట అక్కడే ఆగిపోవచ్చు.

అన్న: ఇంత తెలిసీ ఇంకా అటువైపే ఉంటావా?

తమ్ముడు: ఉంటాను. ఎందుకంటే ఆ 1,000ని దాటించగలిగేది మనవాళ్లే. ఒమన్ జనాభా 50 లక్షల పైచిలుకు. అందులో పదిమందిలో నలుగురికి పైగా బయటి దేశాలవాళ్లు. వాళ్లలో పెద్ద వర్గాల్లో ఒకటి ఇండియన్లు. ఇంత చిన్న దేశంలో ఇంతమందిమి ఉన్నాం, కనబడకపోతే తప్పు మనది కాదా? ఇంకో విచిత్రం చెబుతాను. స్పాటిఫై మన ఊరికంటే ముందు మస్కట్‌కు వచ్చింది. గల్ఫ్‌లో 2018 నవంబరులో మొదలైంది, ఇండియాకు 2019 ఫిబ్రవరిలో గానీ రాలేదు. సరిగ్గా ఆ మధ్యలో, 2018 డిసెంబరులో ‘హుషారు’ సినిమా విడుదలైంది. చిన్న సినిమా, కొత్త కుర్రాళ్లు. అందులో ‘ఉండిపోరాదే’ పాట. రధన్ సంగీతం, కిట్టు విస్సాప్రగడ మాట, సిద్ శ్రీరామ్ గొంతు. ఆ పాట సినిమాను దాటిపోయింది. వెళ్లిపోయేవాళ్లని ఉండమని అడిగే పాట, అందరూ వెళ్లిపోయి బతికే దేశంలో. ఇక్కడ అది ఎలా పాకిందో, ఏ శుక్రవారం ఎంతమంది విన్నారో తెలిసుంటే, ఆ ఒక్క పాట ఒమన్ తెలుగువాళ్ల చరిత్రలో ఒక పేజీ అయ్యేది. ఆ పేజీ పోయింది.

అన్న: శుక్రవారమంటే గుర్తొచ్చింది. 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారమే విడుదల చేయాలని సంగీత కంపెనీలు నియమం పెట్టుకున్నాయి. వాళ్ల వారాంతానికి తగ్గట్టు. మనకేమో ఇక్కడ సెలవు రోజే శుక్రవారం. బట్టలు ఉతుక్కునే రోజు, కూర వండుకునే రోజు, ఇంటికి ఫోన్ చేసే రోజు. ఎవరో ఎక్కడో పెట్టుకున్న వారం మన బతుక్కి సరిగ్గా అతికింది, ఎవరూ అనుకోకుండానే. సరే, ఇంటికి ఫోన్ అన్నాను కదా. ఏళ్లపాటు ఇక్కడ వాట్సాప్ కాల్ కలవలేదు. వాయిస్ మెసేజ్ పంపాలి, ఎదురుచూడాలి. చెప్పలేని మాట ఉంటే స్టేటస్‌లో పాట ముక్క పెట్టాలి. 30 సెకన్లే పట్టేది అందులో. ఊళ్లో ఉన్న అమ్మాయి చూస్తుందని పెట్టేవాళ్లు. ఆమె చూసిందో లేదో ఆ చూసినవాళ్ల జాబితాలో వెతుక్కునేవాళ్లు. ఆ జాబితాలో వాడికి కావలసింది ఒక్క పేరు. లక్షమంది చూసినా ఆ పేరు లేకపోతే పాట ఫ్లాపే. నీ చార్ట్‌కు అర్థం కానిది ఇది.

తమ్ముడు: అర్థం కాదు, నిజమే. అర్థం చేసుకోవడం దాని పని కూడా కాదన్నా. థర్మామీటర్‌ను పట్టుకుని జ్వరం ఎందుకొచ్చిందో చెప్పమంటే ఎలా?

అన్న: చెప్పమనడం లేదు. థర్మామీటరే జ్వరం పెంచుతోందంటున్నాను. ఒక్క లవ్ ఫెయిల్యూర్ పాట విను, యూట్యూబ్ ఇంకో యాభై తెచ్చి పెడుతుంది. నిన్న మోసం చేసిన పిల్ల, మొన్న డబ్బు చూసి పోయిన పిల్ల, అన్ని పాటల్లో తప్పు ఆమెదే. రాత్రి పదకొండింటికి పని దిగి వచ్చి పడుకున్న ఇరవై మూడేళ్ల కుర్రాడికి అది మందా, మత్తా? ఎక్కువమంది విన్నారు కాబట్టి పైకి తోశాం అంటుంది అది. పైకి తోశారు కాబట్టి ఎక్కువమంది విన్నారు. ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలీదు.

తమ్ముడు: ‘దేవదాసు’ చూసి తాగుడు మొదలెట్టినవాళ్లు లేరా? అప్పుడు ఏ అల్గారిథమ్ ఉంది? ఆడవాళ్ల మీద నింద వేసే పాటల సంగతిలో మాత్రం నీతో ఉన్నాను. కానీ అక్కడా నాకు అంకె కావాలి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు ఇక్కడ ఎంతమంది! రాత్రి వంటిల్లు సర్దాక ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాళ్లేం వింటున్నారు? వాళ్ల వైపు నుంచి పాడిన విరహగీతం ఏది? పిల్లల్ని తల్లికి వదిలి వచ్చిన మనిషి బాధకు లవ్ ఫెయిల్యూర్ అని పేరు పెట్టగలమా? వాళ్లకోసం ఎవరూ పాట కట్టడం లేదు. ఎందుకు కట్టడం లేదంటే, వాళ్లు శ్రోతలని ఎవరి దగ్గరా ఆధారం లేదు. లెక్క చూపించు, రేపే నలుగురు కడతారు.

అన్న: కడతారు. ఆమె కోసం కడతారా, లెక్క కోసం కడతారా?

తమ్ముడు: ఎందుకు కట్టినా, ఆమెకు ఒక పాట దొరుకుతుంది. ఏ పాటా లేకపోవడం కంటే అది నయం కాదా?

అన్న: నయమే కావచ్చు. దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి విను. మన పోయిన ప్రేమ సినిమా పాటలో పోయినట్టు పోదు. పాటలో ఒక రోజు ఉంటుంది, ఒక స్టేషను ఉంటుంది, ఒక పెళ్లి ఉంటుంది, వాన కూడా ఉంటుంది. ఇక్కడ అట్లా కాదు. ఏజెంటు కోసం చేసిన అప్పు తీరేదాకా పెళ్లి ఆపమంటాడు కుర్రాడు. అప్పు తీరదు. అమ్మాయి వాళ్ల నాన్న ఒక ఏడాది ఆగుతాడు, రెండో ఏడాది ఆగడు. పెళ్లైన సంగతి ఎవరో మెసేజ్ పెడితే వీడు డ్యూటీలో ఉంటాడు, చూసి ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. పెళ్లైనవాడి సంగతైతే ఇంకా చిత్రం. భార్య ఉంది, ప్రేమ ఉంది, మనిషే లేడు. ఇద్దరి మధ్యా పోయింది ప్రేమ కాదు, వయసు. ఈ పోవడానికి విడుదల తేదీ ఏది? మొదటి వారం ఏది? పాట విడుదలవుతుంది, చార్ట్ ఎక్కుతుంది, దిగుతుంది. వీడి బాధ ఆ గీత మీద నడవదు. ఆరేళ్ల కిందటి పాట ఈ రాత్రి మొదటిసారి వాడికి తగులుతుంది. చార్ట్ దాన్ని పాత పాట అంటుంది.

తమ్ముడు: నువ్విప్పుడు చెప్పింది ఎంత బాగుందో, నన్ను అంత ఇబ్బంది పెడుతోంది. ఎందుకంటే నువ్వు చెబుతున్నది నిజమైతే, ఆ పాత పాట ఇవాళ ఇక్కడ మళ్లీ లేస్తున్నట్టు ఎక్కడో కనబడాలి. ఇవాళ్టి లెక్కల్లో అది కనబడే వీలుంది కూడా. క్యాసెట్ కాలంలో ఒకసారి అమ్ముడైతే అయిపోయింది, ఆ తర్వాత వందసార్లు విన్నా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఆరేళ్ల తర్వాత విన్నా గీత లేస్తుంది. నీ మాటకు ఆధారం నా దగ్గరే దొరుకుతుందన్నా.

అన్న: ఆధారం దొరుకుతుంది సరే. ఎవరికి? నా మీద ఇప్పటికే లెక్కలు చాలా ఉన్నాయి తమ్మీ. రెసిడెంట్ కార్డు మీద ఒక నంబరు, కంపెనీలో ఒక నంబరు, క్యాంపు మంచానికి ఒక నంబరు. నెలనెలా బయటి దేశాలవాళ్లు ఎందరని ప్రభుత్వ గణాంక కేంద్రం దేశాలవారీగా వేస్తుంది. అందులో నేను ఇండియన్, తెలుగువాణ్ణి కాదు. ఇంటికి పంపిన డబ్బు మన దేశంలో లెక్కవుతుంది. యజమానిని వదిలి పారిపోయి కల్లివెల్లి అయినవాడైతే అదీ లేదు, వాడు ఏ కాగితంలోనూ లేడు. వాడికి చివరకు మిగిలేది ఎవడి ఫోన్‌లోనో వినబడే పాట. దాన్నీ తెచ్చి లెక్కలో పెట్టమంటావు. లెక్క పడని చోటు ఒక్కటైనా ఉంచవా?

తమ్ముడు: ఆ కల్లివెల్లి మనిషినే తీసుకుందాం. ఏ కాగితంలోనూ లేకపోవడం వాడికి స్వేచ్ఛా? జబ్బు చేస్తే ఆసుపత్రికి పోలేడు, తల్లి పోతే ఊరికి పోలేడు. లెక్కలో లేకపోవడాన్ని నువ్వు నీడలా చెబుతున్నావు, వాడికది గోతి. ప్రభుత్వం ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు వాడు చేసే మొదటి పని ఏమిటి? వరసలో నిలబడి పేరు రాయించుకోవడం.

అన్న: పేరు రాయించుకునేది ఇంటికి పోవడానికి. పాట రాయించుకుంటే ఎక్కడికి పోతాడు?

తమ్ముడు: పాటకు పోయే చోటుంది. మొన్న ఇండియన్ సోషల్ క్లబ్‌లో తెలుగు విభాగం వేడుకకు ఎంతమంది వచ్చారో చూశావు కదా. అంతమందీ ఒక నెలపాటు, ఉచితంగానో డబ్బు కట్టో, మన పల్లె గాయకుడి పాటను సక్రమంగా వింటే చాలు. 13 దేశాల జాబితాలోకి ఎక్కదు, నాకు తెలుసు. కానీ ఆ గాయకుడి ఫోన్‌లో ఊర్ల పేర్ల పట్టీలో మస్కట్ అని కనబడుతుంది. వాడికి అది చాలు, తర్వాతి పాట మన కోసం కడతాడు. నువ్వు ఒక్కమాట చెబితే మీ క్యాంపువాళ్లందరూ వింటారు. అడుగుతావా?

అన్న: హీరోల అభిమానులు చేసే పనే కదా అది. ట్రెండింగ్ కోసం ఫోన్లు పెట్టుకుని రాత్రంతా తిప్పుతారు. మావాళ్లకు వినమని చెప్పను. విన్నవాళ్లకు దాచుకోవద్దని చెప్పమంటే చెబుతాను, అదీ ఒక షరతు మీద. ఉచితంగా విన్నవాణ్ణి పూర్తి మనిషిగా లెక్కపెట్టాలి. ఒమన్‌ను ఒమన్‌గా, తెలుగును తెలుగుగా విడిగా చూపించాలి. అప్పుడు రా, మాట్లాడుకుందాం.

తమ్ముడు: ఆ షరతు పెట్టాల్సింది కంపెనీల ముందు. వాళ్లు మొదట అడిగేది, మీరు ఎంతమంది అనే కదా?

అన్న: అడగనీ. ఎంతమందిమో చెప్పకముందు, ఆ అంకెతో ఏం చేస్తారో నేను అడుగుతా.

తమ్ముడు: ఇద్దరూ ఇలా అడుగుతూ కూర్చుంటే, పాట కట్టినవాడు ఈలోగా ఆటో తోలుకుంటాడన్నా.

అన్న: తోలుకుంటూ పాడతాడేమో. ఆ పాట పంపించు, వింటా. ఎన్నిసార్లు విన్నానో మాత్రం అడక్కు.